కంటికి రెండు వేళ్ల కింద

శనివారం పొద్దున్న ఆరున్నర.
ఆరెగన్ తూర్పు ఎడారిలో
సేజ్ పొదల మీద మంచు ఉప్పులా పేరుకుని ఉంది.
పదకొండు మందిమి.
ఒక పళ్ల డాక్టరు, వెల్డింగు చేసే అన్నదమ్ములిద్దరు,
గొర్రెల మంద అమ్మేసుకున్న ఎనెకో,
ఉత్తరాలు పంచే నేను.
థెల్మా గ్రైమ్స్ వచ్చి పేర్లు అడగలేదు,
బ్లడ్ గ్రూపులు అడిగింది.
టేపు ముక్క మీద రాసి భుజానికి అంటించుకోమంది.

పాతికేళ్లుగా జింకల్ని కొడుతున్నవాణ్ణి,
నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను.
గంట తిరక్కముందే ఎనెకో
నాకు తెలియకుండా నా మ్యాగజైన్‌లో
ఒక ఉత్తుత్తి తూటా కలిపాడు.
మూడు పేలాయి. నాలుగోది టిక్కుమంది.
ఏమీ పేలని ఆ క్షణాన
గొట్టం దానంతటదే తల దించుకుంది,
దెబ్బ పడకముందే ముడుచుకునే పిల్లాడిలా.
పాతికేళ్లూ నా భయాన్ని
ఆ చప్పుడే దాచిపెట్టిందన్నమాట.

మధ్యాహ్నం ప్లైవుడ్ గోడ చాటున మోకాళ్ల మీద.
కంకర చిప్పల్లోకి దిగుతోంది,
ఖాళీ గుల్ల ఒకటి కాలర్‌లో దూరి వీపు కాల్చింది.
స్కోపులో టార్గెట్ కడిగిన అద్దంలా ఉంది.
నొక్కాను.
టార్గెట్‌కి ఏమీ కాలేదు. ముందున్న గోడే చిట్లి
నా మొహం మీద పేళ్లు చల్లింది.
థెల్మా నవ్వలేదు.
రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించింది:
"నీ కన్ను ఇక్కడ. గొట్టం దానికింద, ఇక్కడ.
నీకు దారి కనబడినంత మాత్రాన
తూటాకి దారి ఉన్నట్టు కాదు."

అది నోట్‌బుక్‌లో రాసుకున్నాను.
దానికింద ఇంకా:
స్లింగ్ జానెడు పొడుగైంది.
తడిసిన గ్లోవ్స్ కన్నా వట్టి చేతులు నయం.
యాభై మూడేళ్ల మోకాళ్లకి మెత్తలు కొనాలి.

రాత్రి లాంతరు వెలుగులో
ఒంటిచేత్తో తొడకి పట్టీ బిగించుకోవడం.
"గాయం చెయ్యడానికి రెండు సెకన్లు చాలాయి మీకు,
ఆపడానికి నలభై పడుతోంది"
వాచీ చూస్తూ అంది.
ఎనెకోకి మాత్రం పన్నెండే.
గడ్డకట్టే రాత్రుల్లో అడ్డం తిరిగిన గొర్రెపిల్లల్ని
బయటికి లాగిన చేతులవి.

ఆదివారం. తలుపు లేని తలుపుచట్రం.
మూల తిరగాలి, చూడాలి, తేల్చుకోవాలి.
మొహాలున్న కాగితం మనుషులు.
మొదటివాడి చేతిలో పిస్తోలు: రెండు.
చంకలో పిల్లతో ఆడమనిషి: ఆగాను.
మూడోవాడి చేతిలో నల్లగా ఏదో.
రెండు.
ఆ చిల్లులు రెంటినీ ఒక్క నాణెం కప్పేస్తుంది.
రెండు రోజుల్లో అంత బాగా కొట్టింది లేదు నేను.

దగ్గరికెళ్లి చూస్తే, ఫోను.

ఎవరూ ఏమీ అనలేదు.
థెల్మా గోధుమరంగు అతుకుల చుట్ట నా చేతిలో పెట్టింది,
నేను చేసిన చిల్లులు నన్నే మూసుకోమని.
నాలుకతో తడిపి అంటించేవి,
పాత తపాలా బిళ్లల రుచి.

నలభై మైళ్ల దుమ్ముదారి నాది.
రోజూ ఎన్ని మెట్లెక్కుతానో,
చేతిలో నల్లటి స్కానరుతో.
కుక్క మొరుగుతుంది, కిటికీ తెర కదులుతుంది,
లోపలివాళ్లు తేల్చుకునేదాకా
అక్కడే నిలబడి ఉంటాను.

సోమవారం బండి నడుపుతుంటే
చూపుడువేలు స్టీరింగ్ మీద తిన్నగా చాచుకునే ఉంది.
చెప్పిన మాట వినే వేలు.
దారి చివర కెండ్రిక్ ముసలాయన ఇల్లు.
గేటుకి కొత్త గొలుసు, కొత్త హెచ్చరిక బోర్డు.
పార్సెల్ ఉంది, సంతకం కావాలి.
స్కానరు సీటు మీదే వదిలేసి
కార్డూ కలమూ పైకెత్తి పట్టుకుని
గేటు దగ్గర్నించే పేరుపెట్టి పిలిచాను.

ఎంతసేపటికో తలుపు సగం తెరుచుకుంది.
పద్నాలుగేళ్లుగా ఎరిగినవాడే.
ఒక చెయ్యి తలుపు వెనకే ఉంచి
రెండో చేత్తో సంతకం పెట్టాడు.